పదకొండు టిక్కులు

హ్యాండ్‌బ్రేకుకి ఐదు టిక్కులు చాలు.
ఆ రోజు పదకొండు లాగాను.

చినవాల్తేరు దిగుడు మీద, మా గోడవార,
పది నెలలు కదల్లేదు బడిపిల్లల ఓమ్ని.
టైర్ల చుట్టూ గడ్డి లేచింది.
వైపరు కింద ట్యూషన్ కాగితాలు,
ఎండి, తడిసి, మళ్లీ ఎండి
అప్పడాల్లా అయ్యాయి.
అద్దం మీద ఉప్పు,
వేలితో పేరు రాస్తే నిలిచేంత.

ఇంట్లో వాళ్లకి నడుం నొప్పన్నాను.
పిల్లల తల్లులకి ఇన్సూరెన్సు గొడవన్నాను.
రెండూ నమ్మారు.

జరిగింది ఇంతే:
అప్పూఘర్ మలుపులో దిగిన మోక్షిత
చెయ్యిజారిన నీళ్లసీసా కోసం
బండి ముందుకొచ్చి వంగింది.
నేనప్పటికే క్లచ్చు వదిలేశాను.
కాలు బ్రేకు మీదికి ఎప్పుడెళ్లిందో
ఇప్పటికీ నాకు తెలీదు.
బంపరుకీ రిబ్బను ముడికీ మధ్య
జానెడు గాలి.
పిల్ల సీసా తీసుకుంది, నాకు చెయ్యూపింది,
గంతులేసుకుంటూ పోయింది.
ఎవరూ చూళ్లేదు.
కాబట్టి ఎవరూ తిట్టలేదు.
ఇంటికొచ్చి లివరు లాగుతూ
ఒక్కో టిక్కుకీ ఒక్కో తిట్టు
నేనే తిట్టుకున్నాను.

ఇవాళ బటన్ నొక్కితే
లివరు వెన్నలా దిగింది.
చక్రం దిగిరాలేదు.
ఫస్టు గేరు, రివర్సు, మళ్లీ ఫస్టు.
వెనక భాగం కుంగి, మూలిగి,
బండి అక్కడే.

కంచరపాలెం నుంచి పోలారావు వచ్చాడు.
గొంతుక్కూర్చుని, టైరు వెనక్కి చెయ్యి పోనిచ్చి,
డాక్టరులా కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఎడమెనకది పట్టీసిందమ్మా.
డ్రమ్ముకీ షూకీ పెళ్లయిపోనాది.
ఇంత గట్టిగా లాగీసారేటి? ఎవుల మీద కోపం?"

నేను సముద్రం వైపు చూశాను.
హార్బరు పిలుపు కోసం లంగరేసుకుని
ఒక ఓడ, నిన్నటి చోటే.

"ముందు రాయి తెండి.
జాకీ ఎత్తినాక దిగుడు మన మాటినదు."
గోడ పక్క కొండరాయి, ఎర్రచుక్కలది,
రెండు చేతులా మోసుకొచ్చి
ముందు చక్రానికి ఆనించాను.

చక్రం ఊడదీశాడు.
కేబులు మీద నాలుగు చుక్కల ఆయిలు.
"షూ మీద పడకూడదు,
పడిందా, రేపు ఆగాల్సిన కాడ ఆగదు."
డ్రమ్ముకి చెక్కముక్క ఆనించి సుత్తి తీశాడు.
పైన నాలుగు, పక్కన నాలుగు, కింద నాలుగు,
మళ్లీ పైన.
నిద్రపోయే ఇంటి తలుపు తట్టినట్టు.
ఉండబట్టలేక అన్నాను, గట్టిగా కొట్టరాదా అని.
"గట్టిగా కొడితే పగిలిపోద్ది.
ఇది అలిగింది కాదమ్మా, అతుక్కుంది."

అరగంట. అతని టీ మీద మీగడ కట్టింది.
ఎదురింటి కుక్క వచ్చి, వాసన చూసి, వెళ్లింది.
అప్పుడు లోపలెక్కడో
టప్‌మని,
మెటిక విరిచినంత చప్పుడు.

డ్రమ్ము తిరిగింది.
కాఫీపొడిలాంటి తుప్పు
నా పాదాల మీద రాలింది.
మెట్టు మీద కూలబడ్డాను.
చెప్పేశాను అతనికి, ఆ జానెడు సంగతి,
ఎవరికీ చెప్పనిది.
గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నాడు.
"ఆగింది కదా," అన్నాడు.
ఆరువందలు తీసుకున్నాడు. యాభై తగ్గించమన్నా తగ్గించలేదు.
వెళ్తూ వెళ్తూ, స్కూటరు మీంచి,
"ఈ ఉప్పుగాలిలో నెలలకి నెలలు వదిలీసినపుడు
దాన్ని నమ్మకండి.
గేర్లో పెట్టి రాయెయ్యండి!"

బీచ్ రోడ్డులో మొదటిసారి తొక్కితే
గరగరమంటూ గొంతు సవరించుకుని
ఆగింది.
రెండోసారి కాస్త తక్కువ గరగర.

సోమవారం నుంచి
రాయి కూడా బడికొస్తోంది.
వెనక సీటు కింద దాని చోటు.
పిల్లల్లో ఎవరో చాక్‌పీసుతో కళ్లు గీశారు,
ఒక కన్ను మరీ పెద్దది.
మలుపుల్లో దొర్లకుండా
మోక్షిత దాని మీద కాళ్లు పెట్టుకుంటుంది.