పునాదికి ముందు ఒక వాన

తాడూ మేకులూ ఇంకా గాడిద మీదే ఉండనీ కెనెవె,
ముందు ఒక వాన పడనీ.
దుప్పటి కప్పుకొని
నీ జాగా నడిమధ్యలో నిలబడు.
నీళ్లు ఎటునుంచి వస్తాయో, ఎక్కడ తచ్చాడతాయో,
ఏ మూలన జారుకుంటాయో చూసి
ఆ దారి పొడుగునా గులకరాళ్లు పెట్టుకుంటూ పో.
అది నీళ్ల బాట. నీకంటే ముందు వచ్చింది.
దానికి అడ్డంగా గోడ లేపితే
ఆ గోడ నీది కాదు, దానిది.

పదకొండేళ్లు మసేరు ఫ్యాక్టరీలో
జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టావు,
ఎవరెవరో చేతులు పెట్టుకునే జేబులు.
ఆ డబ్బుతో ముందు ఎర్రరేకులు కొంటానంటున్నావు.
రేకులు ఆగుతాయి. రాయి కావాలి.
రాయి కూడా కొనకు,
పై వాగులో నల్లరాయి ఊరికే పడి ఉంది.
మోయడానికి మా మేనల్లుడి గాడిద ఉంది.
గాడిదకు జొన్నలు మాత్రం నువ్వే పెట్టాలి.

గుమ్మం ఉత్తరానికి.
మన కొండల్లో సూర్యుడు అటునుంచే వంగి చూస్తాడు.
జూన్ నెల మంచు పొద్దున
ఎండ గడప దాటి వచ్చి
పొయ్యి దాకా కాళ్లు చాపుకోవాలి.

పడమటి గోడకు పెద్ద కిటికీ అడగొద్దు.
లోయంతా కనిపిస్తుందంటావు, తెలుసు.
మా అక్క మాత్సెపో కూడా అదే అంది.
పనిమంతుణ్ణని మురిసిపోయి
నిలువెత్తు కిటికీ పెట్టాను.
ఆగస్టు గాలి అందులోంచి దూరి
పైకప్పును గడ్డిటోపీలా ఎత్తి
లోయలోకి విసిరేసింది.
అక్క ఒక్క మాట అనలేదు.
ఇప్పటికీ నాకు టీ పోసేటప్పుడు
ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది.

పునాది మోకాటిలోతు చాలనేవాళ్లను నమ్మకు.
గడ్డపార దబ్బున దిగితే ఇంకా తవ్వు,
ఖంగుమని మోచెయ్యి జిల్లుమంటే ఆపు.
సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు.
ఐదో పార వేసి నీకు డబ్బు మిగిల్చానన్న మేస్త్రీకి
ఆ సాయంత్రమే లెక్క తేల్చి పంపించు,
వాడు నేనైనా సరే.
కట్టిన గోడకు వారం రోజులు నీళ్లు పట్టు.
పసిబిడ్డా గోడా దాహమని చెప్పలేవు.

మరుగుదొడ్డి ఊటకు దిగువన,
ముప్పై అడుగుల దూరం.
నా అడుగులు, నీవి కాదు.

వాకిలి చదును చేయించకు, ట్రాక్టరును పిలవకు.
వాలును వాలుగానే ఉంచి
అడ్డంగా మూడు రాతికట్టలు వెయ్యి.
మన మట్టికి కిందికి పోవాలనే తొందర ఎక్కువ,
మడమ పట్టుకుని ఆపకపోతే
పదేళ్లకు నీకు వాకిలి ఉండదు, గండి ఉంటుంది.
నీలగిరి చెట్టు వద్దు,
గిద్దెడు నీడ ఇచ్చి కడివెడు నీళ్లు తాగుతుంది.
గుమ్మానికి కాస్త పక్కగా ఒక పీచ్ మొక్క నాటు.
ఎండాకాలం నీడ పడుతుంది,
చలికాలం ఆకంతా రాల్చి ఎండకు దారి విడుస్తుంది.
అంత మర్యాద మా అల్లుళ్లకు కూడా లేదు.

కూరమడి గుండ్రంగా, నడుమెత్తు రాళ్లతో కట్టు.
తాళంచెవి రంధ్రంలా ఒక పక్క సందు వదులు,
నడుమ గడ్డీ పుల్లలూ అల్లిన బుట్ట నిలబెట్టు.
అడుగున తుప్పుడబ్బాలు, ఎముకలు, పొయ్యిలో బూడిద.
గిన్నెలు కడిగిన నీళ్లు ఆ బుట్టలోనే పొయ్యి.
నడుమెత్తు ఎందుకంటావా,
మా లిపువో చివరి ఏడాది వంగలేకపోయింది.
ఆకుకూర నిలబడే కోసుకుంది.
రోజూ కాదు.
కోసిన రోజు మాత్రం కూరలో ఉప్పు ఎక్కువ వేసేది,
నేనూ తినేవాణ్ణి.

పేడపూత నాకు రాదు.
తడిమట్టి మీద ఫోర్కుతో గీసే చాళ్లు, చుక్కలు,
అదంతా మీ ఆడవాళ్ల చేతుల్లోది.
వాన కడిగేసిందని ఏడవకు.
వాన రావాలనే కదా గీసేది.

నడకబాటకు ఇప్పుడే రాళ్లు పరవకు.
ఒక చలికాలం ఊరికే నడువు,
నీళ్లకు వెళ్లు, పొరుగింటికి నిప్పుకు వెళ్లు,
గడ్డి ఎక్కడ చచ్చిందో అక్కడ పరుద్దాం.

అదుగో, మబ్బు పట్టింది.
దుప్పటి తీసుకో, వెళ్లి నిలబడు.
ఉరుము వినిపిస్తే మాత్రం
గులకరాళ్లు అక్కడే వదిలేసి మా ఇంటికి పరిగెత్తుకు రా.
నా పేరు త్లాలి, అంటే పిడుగు.
వాటి బుద్ధి నాకు తెలుసు.