స్పందించడం లేదు

పొద్దున ఆరింటికి సాహుగారి ఫోను:
"మీ సాఫ్టువేరు మళ్ళీ తెల్లబోయిందండీ."
నిజమే, తెల్లబోవడమంటే అదే.
కాటా మీద ట్రే పెట్టగానే
కిటికీ పాలిపోతుంది, చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది,
పైన పేరు పక్కన రెండు మాటలు:
స్పందించడం లేదు.

టెక్కలి దాటేసరికి బస్సులోనే
సగం అనుమానాలు కొట్టేశాను.
కేబులు ఎలకలు కొరికి ఉండొచ్చు, పోర్టు నంబరు మారి ఉండొచ్చు.
ఓసారి నా దగ్గరున్న డీఎల్ఎల్ ఒకటి వీళ్ళ దగ్గర లేక
అసలు తెరుచుకోనే లేదు.
ఇంకోసారి ఏప్రిల్ మూడో తారీఖు కూలి
మార్చి నాలుగులో పడింది,
తారీఖు ముందా నెల ముందా అన్న పేచీతో.
"నా మెషీన్లో బానే ఉందండీ" అన్న మాట
ఈసారి అననని
పలాసలో దిగుతూ ఒట్టు పెట్టుకున్నాను.

షెడ్డు నిండా జీడిపొగ.
కీబోర్డు మీద జీడినూనె,
ఎంటర్ మీటలో రాత పోయి నల్లమచ్చ మిగిలింది.
నలభై ఒక్కమంది ఆడవాళ్ళు గింజ మీది పొర తీస్తూ
నా వైపు చూడకుండా నన్ను చూస్తున్నారు.

బ్రేక్‌పాయింట్లు పెట్టి వరసవరసా నడిచాను,
చీకట్లో పొలంగట్టు మీద నడిచినట్టు
కాలు పెట్టి, ఆగి, కాలు పెట్టి.
దొరికింది.
తెర గీసేవాడూ కాటా చదివేవాడూ ఒక్కడే నా ప్రోగ్రాంలో.
కాటా నోరు విప్పేదాకా అక్కడే చెవి ఆనించి కూర్చుంటాడు,
ఈలోగా ఎవరు పిలిచినా పలకడు.
మొండితనం కాదు పాపం,
ఒక్క మనిషి, రెండు పనులు.
ఇంకో థ్రెడ్డు కట్టి రెండోవాణ్ణి కాటా దగ్గర కూర్చోబెట్టాను.
కిటికీ తేరుకుంది.
సాహుగారు టీ తెప్పించారు.

అప్పుడు లేచి వచ్చింది దానేటి రూపవతి.
చేతిలో సైకిలు చువ్వ, చువ్వ నిండా గుచ్చిన రసీదులు.
"బావూ, నీ పెట్టి రోగం కుదిరినాదేటి?
మరి నా గ్రాముల రోగవో?
కాటా మీద ఎర్రంకెలు రెండుకిలోల నాలుగొందల ఎనభై అంతాది,
నీ సీటీ రెండుకిలోల నాలుగొందలంతాది.
ఆ ఎనభై ఎవులు తినీసినారు?"

సీటీ వెనక్కి తిప్పింది.
కాటా చెప్పిన అంకె, పిల్లాడి పెన్సిలుతో.
ఒక్కోటీ. రెండేళ్ళూ.

ఏ ఎర్రగుర్తూ రాలేదు నాకు, ఏ గంటా మోగలేదు.
ఆగిపోయిన తప్పుకి ఫోను వస్తుంది.
నడిచే తప్పు రోజూ సంతకం పెట్టి కూలి పంచుతుంది.

కోడు తెరిచాను. నా రాతే.
చుక్క తర్వాత ఒక్క అంకె చాలనుకున్న రాత్రి గుర్తుంది,
రసీదు కాగితం వెడల్పు చాలలేదని.
మిగతాది కోసేశాను, కోసిందే దాచాను.
దిద్దడానికి ఒక్క వరస. నిమిషం పట్టలేదు.
పాతవాటికి దిద్దుబాటు లేదు,
నా డేటాబేసు నిండా తోక తెగిన అంకెలే.
అసలువి ఆ చువ్వకే ఉన్నాయి.

ఆమె చదివింది, నేను కొట్టాను.
వంద సీటీలు. ఐదు కిలోల చిల్లర.
"ఇది ఒక నెలది" అంది.
ఇరవైనాలుగు నెలలు, నలభై ఒక్కమంది.
లెక్క తప్పేమోనని రెండోసారి నడిపించాను.
నాలుగువేల తొమ్మిదివందల ఇరవై కిలోలు.

ప్రింటు తీసి సాహుగారి ముందు పెట్టాను.
ఆయన చూశారు.
టీ మీద మీగడ కట్టింది.
షెడ్డులో పొర తీసే చప్పుడు ఆగింది.
ఆయన మొహం, పొద్దున్నించీ నేను బాగుచేస్తున్న
ఆ కిటికీలాగే పాలిపోయి,
కళ్ళు మాత్రం ఎక్కడో గిర్రున తిరుగుతూ.

ఐదున్నర బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.
నేను ల్యాప్‌టాప్ మూయలేదు.

"ఇంటికాడ ఇంకో ఇరవైమూడు సువ్వలున్నాయి" అంది రూపవతి.
"అట్టుకు రమ్మంతావా, బావూ?"