ఉంటమని అన్నం

పసిదాన్ని రెండు చేతుల మీద ఎత్తి
పాస్టరయ్య అడిగిండు:
"ఈ బిడ్డ పెంపకంల మీరు తోడుంటరా?"
ఉంటమని అన్నం.
వెనక షామియానా కింద బగారన్నం దమ్ము దిగుతున్నది,
వాసన కిటికీల నుంచి వచ్చి
మా వరుసల్ల కూసున్నది.
అంత ఆకలి మీద ఎవరైనా
దేనికైనా ఉంటమనే అంటరు.

నేను సంఘం రిజిస్టరు రాసే మనిషిని.
బిడ్డ పేరు షారోను. తల్లి ఫెబె, తండ్రి ఏసుపాదం.
ఇల్లు కరీమాబాదు, నల్లా దాటినంక మూడో గల్లీ.
సాక్షులు అన్న గడిల
"సంఘమంతా" అని రాసిన.
ఒక్క మాటల అయిపోయింది.

మూడో ఆదివారం నుంచి
ఫెబె గడప దాటలేదు.
వచ్చేది, చెప్పులు విడిచే కాడ
మెట్టు మీద కూసొని
బిడ్డను ఒళ్లో ఏసుకొని వాక్యం వినేది.
అంతకు ముందు వారం లోపల పిల్ల ఏడిస్తే
ఏలియా తాత వెనక్కి తిరిగి చూసిండు.
చూసిండంతే.
ముప్పై ఏండ్లు మిల్లుల తెగిన దారం వెతికిన చూపు అది,
ఎవరికైనా గుచ్చుకుంటది.
నేనూ చూసిన ఆ దినం.
నా నోట్ల పాట ఆగింది గాని
పిల్ల కోసం చేయి లేవలేదు.

ఏసుపాదం ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిర్చి సీజనుల ఇల్లు చేరేసరికి రాత్రి రెండు.
మూడుసార్లు సబ్బు పెట్టినా
అరచేతుల మంట పోదు.
ఒకనాడు ఆశకొద్ది బిడ్డ బుగ్గ తాకిండు.
తెల్లారేదాక అది లోపల ఏడిసింది,
ఆయన వాకిట్ల ఏడిసిండు.
అప్పటిసంది మోచేతుల మీదనే ఎత్తుకుంటడు,
అరచేతులు గాలిల తెరిచి,
ప్రార్థన చేసే మనిషి లెక్క.

ఈ సంగతి నాకెట్ల తెలిసిందంటే,
కానుకలు లెక్కపెడుతుంటే
ఒక పది నోటు ఘాటుకు ఆగకుండ తుమ్మిన.
ఎవరిదమ్మా ఈ మిరపకాయ నోటు అని నవ్వుకుంట అడిగితే
మెట్టు మీద నుంచి ఫెబె మాదే అన్నది.
చెప్పుకుంట చెప్పుకుంటనే
నిద్రల పక్కకు ఒరిగింది.

స్త్రీల కూడికల పెట్టిన ఆ ముచ్చట.
ఉపవాస ప్రార్థన పెడుదామన్నరు ఒకరు,
తల్లులకు వేరే అద్దాల గది కడుదామన్నరు ఇంకొకరు,
చందా ఎంతని అరగంట కొట్లాడినం.

ఆదివారం పొద్దున పోయి చూస్తే
ముందటి బెంచీ లేదు.
దాని జాగల ఏలియా తాత భార్య బొంత,
పాత చీరల రంగులన్ని పరుచుకొని ఉన్నది.
పక్కన తాత సాపకుండ కింద కూసున్నడు.
"నా ఎడమ చెవి మగ్గాలు తిన్నయి బిడ్డా,
ఆనాడు పిల్ల గొంతు సక్కగ వినబడక
మంచి చెవి తిప్పిన.
ఈ పక్క పండవెట్టు, ఎంతన్న ఏడువనీ."
మిర్చి తెలువని ఆ ముడుతల చేతులల్లకు
షారోను పోయింది.

నాకైతే
రెండు చెవులూ మంచిగనే ఉన్నయి.

మంగళవారం పగటీలి ఇప్పుడు నేను పోత.
వాక్యం చెప్పను. బట్టలు మడతవెడుత,
పిల్లను భుజాన ఏసుకొని గల్లీల తిరుగుత.
ఫెబె గుర్రు పెట్టి పండుకుంటది.
ఒక వారం పోలేదు, మోకాలు నొచ్చిందని చెప్పిన.
అబద్ధం. సీరియల్ చూసిన.

రిజిస్టరుల "సంఘమంతా" కింద
పెన్సిలుతోని సన్నగ రాసిన:
ఆదివారం ఏలియా, మంగళవారం నేను,
గురువారం రాత్రి పాస్టరమ్మ.
తక్కిన వారాలు ఖాళీ.

ఉంటమని అన్నం.
పొయ్యి మీదనే ఉన్నది ఇంకా.
మెతుకు పట్టి చూసిన,
పలుకే.