తాడుకి రెండో కొస

గ్యాస్ బిల్లు వెనకాల రాసిచ్చింది ఇందుమతి,
పదకొండు ప్రశ్నలు.
పన్నెండోది రాసి, కొట్టేసింది.
కొట్టేసినదాన్నే బస్సులో పదేపదే చదివాను:
అసలు వెళ్లకపోతే ఏమవుతుంది?

వెళ్లకపోతే ఏమవుతుందో ఆర్డరులో ఉంది.
పద్మనాభం అవతల సబ్‌స్టేషన్,
ఒకటో తారీకుకల్లా చేరాలి.
కంచరపాలెంలో రెండు గదులు, పాప బడి,
బడి ముందు ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ర్యాంకులు,
ఇవన్నీ వదిలి
నాలుగో తరగతి పిల్లని ఎక్కడ దించాలో
ముందు నేను చూసి రావాలి.

తగరపువలసలో బస్సు మారాను.
బడి పేరు చెబితే తెలీదన్నాడు ఆటో కుర్రాడు.
కాసేపాగి తనే, "ఓ, గోడ పడిపోయిన బడా" అన్నాడు.
నాలుగో ప్రశ్న: ప్రహరీ ఉందా?
దిగకముందే జవాబు రాసుకున్నాను.

కరెంటు మనిషిని కదా,
లోపలికి అడుగుపెట్టగానే మీటరు చూశాను.
తిరుగుతోంది, నెమ్మదిగా,
రెండు ఫ్యాన్ల బరువు మోస్తూ.
ఎర్త్ వైరు తెగి వేలాడుతోంది.
ప్రశ్నల్లో అది లేదు.

బోర్డు మీద సుద్దతో
నమోదు ఇరవై మూడు, హాజరు పందొమ్మిది.
"ఆ నలుగురూ?" అన్నాను.
"ఇద్దరు జీడితోటకి పోయారు. ఒకడికి జ్వరం.
ఒకడు మీ వెనకాలే ఉన్నాడు, ఇప్పుడే దిగబడ్డాడు."
హేమసుందరి టీచరు వేలితో తుడిచి
పందొమ్మిదిని ఇరవై చేశారు.
నమ్మాలో అనుమానించాలో రాసుకోవడానికి
గ్యాస్ బిల్లు మీద చోటు లేదు.

పంతుళ్లెందరు? ఇద్దరు.
ఒకరికి ఈ నెలంతా ట్రైనింగు.
అయిదు తరగతులు ఒకే గదిలో
వీపులు ఆనించుకుని కూచున్నాయి.
ఇటు ఎక్కాలు, అటు వాన నీటి పాఠం,
మధ్యలో ఒక గుంటడు రెండూ వింటూ
ఏదీ రాయకుండా కిటికీలోంచి మేకని చూస్తున్నాడు.
ఆ చూపు నాకు తెలుసు.
అలా చూస్తూ చదివినందుకేనా
ఈ రాత్రి షిఫ్టులు, అనిపించింది ఒక క్షణం.

మరుగుదొడ్డికి తాళం. చెవి సన్యాసమ్మ కొంగుకి.
"అడిగితే తీస్తాను బాబూ,
ఒగ్గేస్తే మేకలు దూరిపోతన్నాయి."
శుభ్రంగానే ఉంది. నీళ్లు బకెట్లతో మోయాలి.
అవునని రాయనా, కాదని రాయనా?
ఆవిడ గరిటెడు పప్పు నా అరచేతిలో వేసింది,
ఉప్పు చూడమని.
సరిపోయింది.
ఆ ఒక్కదానికే గట్టిగా టిక్కు పెట్టాను.

ఒక పిల్లని తెలుగు పుస్తకం చదవమన్నాను.
గడగడా చదివింది.
పేజీ తిప్పకుండానే తర్వాతదీ చదివేసింది.
టీచరు తలొంచుకుని, ఆనక నవ్వేశారు.
నాకు నవ్వు రాలేదు.
మా పాప కూడా అక్కడ ఇంగ్లీషుని
ఇలాగే అప్పజెబుతుంది,
నెలకి రెండు వేల రెండొందలకి.

వచ్చేస్తుంటే ఆ పిల్లే వెంటపడింది. ఝాన్సి.
"మీ గుంటొస్తాదా?"
"చూడాలి."
"తాడాట వొచ్చా దానికి?"
బడి వెనక్కి లాక్కెళ్లి చూపించింది:
తాడుకి ఒక కొస బోరింగు చేతికి కట్టి ఉంది.
రెండో కొస తిప్పేది నూకరత్నం.
నాలుగో తరగతి ఆడపిల్లలు ఆ ఇద్దరే.
"బోరింగు తిప్పదు కదండీ,
ఊరికే నిలబడతాది."

తిరుగు బస్సులో లెక్క చూసుకున్నాను.
ఆరు అవును, మూడు కాదు, రెండు తెలీదు.
ఇందుమతి కూడికలు మనిషి,
ఈ కూడికలో బడి తప్పిపోవచ్చు.
కొట్టేసిన పన్నెండోదాని కింద
'తాడు' అని రాశాను.
ఆనందపురం జంక్షన్ దాటినా
అదేంటని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఎర్త్ వైరు మటుకు
చేరిన మర్నాడే వేసేస్తాను.