పద్నాలుగో చానల్

కిటికీ లేని గది.
చవగ్గా వస్తోందని ఏంగస్ తీసుకున్నాడు,
"పడుకోవడానికేగా" అంటూ.
ఇప్పుడు టీవీలో పద్నాలుగో చానలే మా కిటికీ.
ఓడ ముక్కుకు బిగించిన కెమెరా
రాత్రీ పగలూ అవే నీళ్లు చూపిస్తుంది.
అవతల మాంటెవీడియో దీపాలు
రమ్మనవు, పొమ్మనవు.

రోజుకో పావుగంట డెక్ మీదికి వదుల్తారు.
ఒకే దుప్పటి కింద నిద్ర లేచిన మమ్మల్ని
ఆరడుగుల ఎడంగా నడవమంటారు.
ఏంగస్ ముందు, నేను వెనక.
పెళ్లయ్యాక ఇంత తీరిగ్గా
అతని నడక చూసింది లేదు.
ఎడమకాలు ఎప్పట్నుంచి ఈడుస్తున్నాడో!

పళ్లెం నేలమీద పెట్టి
మూడుసార్లు తట్టి వెళ్లేవాడు రొడేలియో.
జబ్బు ఇంకా వార్తల్లోనే ఉన్న మొదటి వారం
తువ్వాలుతో ఏనుగును చేసి
నా కళ్లద్దాలు దానికి పెట్టి పోయేవాడు.
ఇలోయిలోలో కూతురట,
ముందుపళ్లు రెండూ ఊడాయట.

పదకొండో రోజు రెండేసార్లు తట్టారు.
తలుపు తీసేసరికి
తెల్ల సూటు వీపు, చల్లారిన బఠాణీలు.
"రొడేలియో?" అన్నాను.
వీపు ఆగింది. తిరగలేదు.
తొడుగు వేసిన వేలొకటి
కిందికి చూపించింది,
నీటిమట్టానికి దిగువ అంతస్తుల వైపు.

ఆ రాత్రి తువ్వాలుతో కుస్తీ పట్టాను.
తొండం నిలవదు. చెవులు జారిపోతాయి.
ఏంగస్ ఎక్కడో పిన్నీసు వెతికిచ్చాడు.
కుక్కో ఏనుగో తెలియని దాన్ని
ఖాళీ పళ్లెంలో కూర్చోబెట్టి
గడప బయట పెట్టాను.

మధ్యాహ్నానికి పళ్లెం లేదు, అదీ లేదు.
లాండ్రీకి వెళ్లిందో
కిందికి వెళ్లిందో.

పద్నాలుగో చానల్లో వాన మొదలైంది.