ఇతరములు

ఆదివారం తెల్లవారుజామున బుడమేరు మా వీధిలోకి
విలంబంలో వచ్చింది.
చెప్పులు వదిలే మెట్టు దగ్గర ఆగింది,
ఎవరి ఇల్లో అడ్రసు కనుక్కుంటున్నట్టు.
కాఫీ తాగేసరికి మధ్యమ కాలం.
గ్యాసు బండ వంటింట్లో తేలి
గోడకి తల బాదుకునేటప్పటికి
నేను లెక్క వదిలేశాను.

మృదంగాన్ని అటక మీదికి ఎక్కించాను.
అటక దాకా రావులే అనుకున్నాను.

నలభై ఆరేళ్ళదాన్ని.
బ్యాంకులో ఊరివాళ్ళ నోట్లు లెక్కపెట్టీ పెట్టీ
వేళ్ళకి ఇంకో పని చూపిద్దామని
మూడేళ్ళ కిందట మొదలుపెట్టిన విద్య.
మొదటి రోజే భీమశంకరం మాస్టారు
నోటుపుస్తకం తెరిపించి రాయించారు:
లయ అంటే వేగం కాదు,
దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీ.
దాని కింద ఇంకో అర్థం:
సృష్టి, స్థితి, వాటి తర్వాతది.
పటికబెల్లం నాలుక మీద కరిగినట్టు
అన్నీ వచ్చిన చోటికే కరిగిపోవడం.
రెండిటికీ ఒకటే మాట ఎందుకండీ అంటే
"ముందు తకధిమి సరిగ్గా పడనీ" అని
నా లెక్క తప్పిన చోట తొడ మీద చరిచి చూపించారు.

డాబా మీద మూడు రాత్రులు.
మెట్లు లెక్కపెట్టుకున్నాం.
పదకొండు కనపడుతున్నాయి. తొమ్మిది. ఏడు.
పైన హెలికాప్టరు,
ఎక్కడా ఖాళీ లేని చప్పుడు.
పాల ప్యాకెట్లు వేస్తే సగం నీళ్ళపాలు.
సింగ్ నగర్ మొత్తం డాబాల మీదే ఉంది.
ఎదురు డాబాలో మస్తానమ్మ
ఇన్సులిన్ సీసా తడిమట్టి కుండలో దాచి
కుండని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది,
పసిపిల్లని జోకొడుతున్నట్టు.

మూడో రాత్రి మెట్టు చూడాల్సిన వంతు నాది.
కునుకు పట్టేసింది.
దానికీ అదే పేరని తర్వాత తెలిసింది.
ధ్యానానికి కూర్చున్న మనసు
చేరాల్సిన చోటు చేరకుండా దారిలోనే నిద్రపోతే
అదీ లయేనట.
అది దోషమట.
ఫోనులో ఈ మాట చెప్పి మాస్టారు నవ్వారు.
ఆయన పుస్తకాల బీరువా కూడా
అప్పటికి ఆరు రోజులుగా నీళ్ళలో ఉంది.

నీళ్ళు తీశాక అటక మీంచి దించాను.
కుడి మూత మీది నల్లటి కరణి
బురదై వేలికి అంటుకుంది.
వార్లు ఉబ్బిపోయి, పాచి వాసన.
చిరిగిన ఎడమ మూత లోంచి చూస్తే
పనస కర్ర చెక్కుచెదరలేదు.
అడుగున వేలెడు పరక చేప ఎండిపోయి ఉంది.
నోటుపుస్తకంలో నీలి సిరా
పేజీ దాటి పేజీలోకి పాకింది.
రాసుకున్న మాటలో ల పోయి
య మిగిలింది.

నష్టం రాసుకోవడానికి సచివాలయం కుర్రాడొచ్చాడు.
ఫోనులో గడులు చదివాడు:
ఫ్రిజ్జు, టీవీ, వాషింగ్ మెషిను, బండి.
మృదంగం, అన్నాను.
పైకీ కిందికీ జరిపి వెతికాడు పాపం.
"ఇతరములు అని పెడతానాంటీ."

వించిపేటలో జకరయ్య
దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పాత తోలు కోసేశాడు.
కొత్త మూత బిగించాడు.
కిట్టం పొడీ అన్నం మెతుకులూ కలిపి నూరిన ముద్ద
గోరంత పెట్టడం, రాయితో రుద్దడం,
ఆరనివ్వడం.
మళ్ళీ గోరంత.
ఆ రాయికి అతని బొటనవేలి గుంట పడింది.
అతని తాతని, శ్లోకం వినపడేంత దగ్గరికి
ఎవరూ రానిచ్చి ఉండరు.
జకరయ్య ఆ మాట ఎత్తలేదు.
నాకే, ఆ గుంట చూస్తుంటే, ఎక్కడో తగిలింది.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.
"రుద్దేది ఎంతసేపమ్మా?
ఆరాలిగా.
పొరకీ పొరకీ మధ్య ఆగకపోతే
వాయించిన రోజే రాలిపోద్ది."

నాలుగో వారం వెళ్ళాను.
చెంప ఆనించి, ఒక్క దెబ్బ వేశాడు.
రెండోది వేయబోతుంటే గూడ్సు బండి అందుకుంది,
పెట్టె తర్వాత పెట్టె, రేకు కప్పు వణుకుతోంది.
ఏదో అడగబోయి ఊరుకున్నాను.
బండి వెళ్ళిపోయింది.
చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.