ఆల్టరేషన్

మంగఫ్‌లో మా ఫ్లాట్‌కి ఒకటే కిటికీ.
అందులోంచి సముద్రం కనపడదు,
రిఫైనరీ మంట కనపడుతుంది.
రాత్రి పన్నెండింటికి నేనూ అదీ మేలుకునే ఉంటాం.
దానికి చదవాల్సిందేమీ లేదు.

పదో తరగతి దాకా నేను లెక్కల్లో పులిని.
ఆ మాట అమ్మ, బ్లౌజులకొచ్చే ప్రతి ఆంటీకీ
కొలతలు తీసుకుంటూ చెప్పేది:
"చేతులెత్తండి, మా హిమజకి నూటికి నూరు."
వాళ్ళు ఎత్తేవాళ్ళు.
ఇప్పుడు నేనెత్తేశాను.

ఫర్దర్ మ్యాథ్స్ క్లాసులో పదకొండు మందిమి.
మిస్ నజ్లా బోర్డు మీద సగం రాసేసరికే
తారెక్ జవాబు చెప్పేస్తాడు, పెన్ను మూత కూడా తియ్యకుండా.
ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.
అర్థమైనవాళ్ళు ఎక్కడ నవ్వుతారో
అది మాత్రం బాగా నేర్చుకున్నాను.
డౌట్లున్నాయా, అంటుంది మిస్.
డౌటు రావాలన్నా కొంచెం తెలిసుండాలి కదా.

ఫ్రిజ్ మీద నాన్న అతికించిన కాగితం,
ఐదు కాలేజీల పేర్లు, పెద్ద పెద్ద అక్షరాల్లో.
రెండింటికి స్పెల్లింగ్ తప్పు. నేను దిద్దలేదు.
నూటికి నలుగురినే తీసుకుంటారట.
ఆ నలుగుర్లో నువ్వొకతివి అంటాడు
క్రేన్ దిగొచ్చి, షూలో ఇసుక గడప బయట దులుపుతూ,
బస్సులో రుమాలేసి సీటు ఆపినంత ధీమాగా.
మిగతా తొంభై ఆరుమందికీ నాన్నలుండరా
అని అడగాలనుంటుంది.

డిసెంబర్ మాక్‌లో ముప్పై ఒకటి.
ఫహాహీల్ సిగ్నల్ దగ్గర, స్కూలు బస్సులో,
ఎర్ర పెన్ను అప్పడిగి
మూడుకి ఎడమపక్క రెండు వంకర్లు కలిపాను.
ఏడాదిగా కుదరని లెక్క
ఒక్క సిగ్నల్లో కుదిరింది.

నాన్న ఆ పేపర్ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని
చాలాసేపు నిలబడ్డాడు.
క్యాంపులో పెంచలయ్య మామకి ఫోన్ చేశాడు.
మర్నాడు సాయంత్రం నలుగురు మనుషులు
ఓవర్‌టైమ్ వదులుకుని కునాఫా డబ్బా పట్టుకొచ్చారు.
ఇంకా వేడిగా ఉంది. పిస్తా పొడి గోళ్ళలో ఇరుక్కుంది.
"మెదడుకి మంచిదిమే" అని
మామ తన ముక్క కూడా నాకే పెట్టాడు.
తిన్నాను.
బాగుంది కూడా. అదే మింగుడు పడటం లేదు.

వాళ్ళెళ్ళాక అమ్మ పేపర్ తీసుకుంది.
వెనక్కి తిప్పి వేలితో తడిమింది,
గుడ్డని తడిమినట్టు.
అమ్మ చదివింది ఏడే.
కానీ పదహారేళ్ళుగా ఎవరెవరివో కుట్లు విప్పి బతుకుతోంది.
ఏ చంక కింద ఎవరు తర్వాత గుడ్డ కలిపారో
కరెంటు పోయినా చెప్పగలదు.

"దారం రంగు కలిసిందిలే" అంది.
"కుట్టు కలవలా."

అంతే. నాన్నని పిలవలేదు.
మిషన్ దగ్గర కూర్చుని
ఎవరిదో పట్టు జాకెట్టు, బిగుతైనచోట
ఒక్కో కుట్టూ బ్లేడుతో తెంచుతోంది.
తిడుతుందని చూశాను. తిడితే తేలికయ్యేది.

నేనూ పేపర్ విప్పాను. నాలుగో ప్రశ్న, సున్నా.
మొదటి లైను సరిగ్గానే ఉంది.
రెండో లైన్లో మైనస్ ఒకటి జారిపోయింది.
మూడోది అసలు రాదు నాకు.
పక్కనే పెన్సిల్‌తో రాసుకున్నాను,
రాదు, అని, తెలుగులో.
మిస్ నజ్లా ఇదేమిటని అడుగుతుంది.
అప్పుడు నోటితో చెప్పాలి.

మరి నాన్నకి?
పక్కగదిలో గురక. తెల్లారి నాలుగింటికి డ్యూటీ.
ఫ్రిజ్ మీద ఐదు పేర్లు అలాగే ఉన్నాయి,
లోపల, ఆయన కోసం దాచిన
ఒక్క కునాఫా ముక్క గట్టిపడుతోంది.